చేత్తో దిద్దిన కోడ్

పొద్దున ఏడింటికి కొవ్వూరు రేవులో సత్యప్రసాద్ శవం దొరికింది. పదింటికి రాజమండ్రి ఆఫీసులో చీఫ్ రాజరత్నం గారు ఏజెంట్ ఉదయభాస్కర్ ముందు అతని ఫోన్ పెట్టారు.

"వరద గేట్ల సాఫ్ట్‌వేర్ కంపెనీలో మీరు పెట్టిన మనిషేనండి. అక్కడ విదేశీ ముఠా చెయ్యి పెట్టింది. ఇదే ఆఖరి మెసేజ్."

'తప్పు దొరికింది. కోడ్‌లో దిద్దేశాను.'

"దిద్దేశాడుగా, ఇంకేంటండి?"

"పన్నెండింటికి కొత్త కోడ్ గేట్లకు వెళ్తుంది. గోదావరి పెరుగుతోంది. తేడా వస్తే గట్టు తెగి ఊళ్ళు మునుగుతాయి. వెళ్ళండి."

ఏసీ మెకానిక్ వేషం. చొక్కా గుండీలో కెమెరా. పదకొండున్నరకు ఉదయభాస్కర్ ఆ కంపెనీ మూడో అంతస్తులో ఉన్నాడు. ఎదురుగా టీమ్ లీడ్ వెంకటదుర్గ. చూస్తే కళ్ళు తిప్పుకోలేని మనిషి. ముఠాకూ, మనకూ పనిచేస్తుంది.

"అన్నవరం ప్రసాదం తెచ్చారా?"

"ఆకులోనే తెచ్చానండి."

కోడ్‌వర్డ్ కలిసింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇక్కడ కోడ్ ఎవరూ రాయరండి. గేటు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు దిగాలో మోడల్ గీస్తాం, ఇంటి ప్లాన్‌లాగ. అందులోంచి కోడ్‌ని మెషినే పుట్టిస్తుంది. ముఠా తప్పు పెట్టింది మోడల్‌లో. కోడ్‌లో చేత్తో ఏం దిద్దినా రోజూ పన్నెండింటికి చెరిగిపోతుంది."

"అది అతనికి తెలీదా?"

"తెలుసు. మోడల్ మార్చాలంటే ఇద్దరి పాస్‌వర్డ్‌లు కావాలి, ఆయనదీ నాదీ. నన్ను అడగలేక, ఒక్కరోజైనా ఆగుతుందని కోడ్ దిద్దారు. అలా దిద్దితే ఆయన పేరుతో అందరికీ మెయిల్ వెళ్తుంది. మా మేనేజర్ ముఠా మనిషి. చదివాడు. నన్ను నమ్మొద్దని ఆయనకి ఎవరు చెప్పారోనండి!"

ఉదయభాస్కర్ తల దించుకున్నాడు. చెప్పింది తనే.

పదకొండూ యాభై ఆరు. స్క్రీన్ మీద గళ్ళు, బాణాలు. 'నీరు ప్రమాదస్థాయి దాటితే' అన్న గడిలోంచి బాణం 'గేట్లు మూయి'కి పోతోంది. వెంకటదుర్గ తన పాస్‌వర్డ్ కొట్టింది. సత్యప్రసాద్‌ది ఉదయభాస్కర్‌కు తెలుసు. అతని భార్య పేరు. శ్రీదుర్గ. కొట్టాడు.

బాణం 'గేట్లు ఎత్తు'కి మారింది. మెషిన్ సరిచూస్తోంది... సరిచూస్తోంది... పన్నెండుకు రెండు సెకన్లు ఉన్నాయనగా పచ్చలైటు వెలిగింది.

గేట్లు లేచాయి. మేనేజర్ లిఫ్ట్ దగ్గరే దొరికాడు.

సాయంత్రం ఉదయభాస్కర్ రేవులో దీపం వదిలాడు. ఈ చావు దేవుడు గీసిన మోడల్‌లోనే ఉందా, లేక తానే రాశాడా?

తర్వాత ఆఫీసులో రిపోర్టు ఫారం తెరిచాడు. 'ప్రాణనష్టం' ఎదురుగా 'లేదు' అని మెషినే ముందుగా నింపి ఉంచింది. 'ఒకరు' అని దిద్ది సేవ్ నొక్కాడు.

మళ్ళీ 'లేదు' అనే వచ్చింది.