ఒడీల్ కూర్చున్న చోటు

న్యూ ఆర్లియన్స్‌లో సోమవారమంటే ఇంటింటా ఎర్ర చిక్కుడుగింజలు ఉడికే వాసన. అద్దం ముందు ఒడీల్ పౌడరు రాసుకుంటోంది.

“మన తల తగిలితే టోపీ మైలపడుతుందనే కొట్టు. అందులో నీకు ఉద్యోగం!” అంది అక్క ఎర్నెస్టీన్, ఇస్త్రీ ఆపకుండానే.

“నేనేం అబద్ధమాడలేదక్కా. వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.”

“పొద్దున్నే మొదలెట్టకండే,” కసిరింది తల్లి క్లోటీల్డ్. “తెల్లగా పుట్టడం దాని తప్పా?”

నల్లజాతి ఇంట్లోనే పుట్టినా ఒడీల్‌కి తండ్రి తెలుపు, ఎర్నెస్టీన్‌కి తల్లి నలుపు వచ్చాయి. కెనాల్ వీధిలోని ఆ కొట్లో చెల్లెల్ని తెల్లపిల్లే అనుకుంటారు. నల్ల ఆడవాళ్ళు అక్కడ టోపీ కొనుక్కోవచ్చు గాని, తలమీద పెట్టి చూసుకోకూడదు. ఆ మాట వాళ్ళకి చెప్పాల్సింది ఒడీలే. ఎర్నెస్టీన్‌కి మింగుడుపడనిది అదే.

ఒడీల్ వెళ్ళిన కాసేపటికే తల్లి గరిటె చేతిలో ఉండగానే కుప్పకూలింది. మూతి ఒక పక్కకి లాగేసింది. డాక్టరు పెదవి విరిచాడు. “ఒడీల్...” అని ముద్దముద్దగా పిలుస్తున్న తల్లిని పొరుగావిడకి అప్పజెప్పి ఎర్నెస్టీన్ బయల్దేరింది.

కొట్టు ముందు గుమ్మంలోంచే లోపలికి నడిచింది. ఒక దొరసానికి టోపీ సర్దుతున్న ఒడీల్ అక్కని చూసి పాలిపోయింది.

“ఎవరమ్మాయ్ అది?” అంది దొరసాని.

“మా ఇంట్లో బట్టలుతికే మనిషండీ.” ఒడీల్ అక్కవైపు తిరిగింది. “వెనక గుమ్మం దగ్గరికి రా. ఇలా రాకూడదని తెలీదూ?”

ఎర్నెస్టీన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్క మాట చాలు, చెల్లెలి బతుకు బజారున పడుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

“అవునమ్మా, నీ ఉచ్చగుడ్డల దగ్గర్నించీ ఉతుకుతూనే ఉన్నాను. మీ అమ్మగారు పడిపోయారు, నిన్నే కలవరిస్తున్నారు. వస్తే రా. లేదా ఇక్కడే టోపీలమ్ముకో.”

విసురుగా వెళ్ళి ట్రామెక్కి, ‘నల్లవారికి’ అని రాసిన చెక్కపలక వెనక కూర్చుంది. ట్రాము కదలబోతుండగా ఒడీల్ రొప్పుతూ ఎక్కింది. ముందున్న తెల్లవాళ్ళ సీట్లు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. ఎర్నెస్టీన్ మొహం తిప్పేసుకుంది. ఒడీల్ పలక దాటి వచ్చి ఆమె పక్కన కూలబడింది.

“మిస్, అక్కడ కూర్చోకూడదు. ముందుకి రండి,” అన్నాడు కండక్టరు.

“ఈవిడ మా అక్క,” అంది ఒడీల్. ట్రామంతా వినబడేలా మళ్ళీ అంది: “సొంత అక్క. ఒక తల్లి బిడ్డలం.”

ముందు వరసలో ఉన్న కొట్టు యజమానురాలి చెల్లెలు గిర్రున తిరిగి చూసింది. ఇక ఆ ఉద్యోగం పోయినట్టే.

“బట్టలుతికే మనిషినా నేను?” అంది ఎర్నెస్టీన్ పళ్ళు బిగించి.

“కొట్టక్కా. నన్ను కొట్టు.” ఒడీల్ వెక్కివెక్కి ఏడుస్తోంది.

ఎర్నెస్టీన్ చెయ్యెత్తలేకపోయింది. ఇన్నాళ్ళూ తన కోపమంతా ఈ పిల్లమీదే. ఆ పలక పెట్టినవాళ్ళ జోలికి ఎన్నడైనా వెళ్ళిందా? ఆ ఆలోచనకి ఆమెకీ కన్నీళ్ళు ఆగలేదు.

ఇంటికొచ్చేసరికి తల్లి కళ్ళు గుమ్మంమీదే ఉన్నాయి. ఒడీల్ ఆమె వంకరపోయిన పెదవుల్ని ముద్దు పెట్టుకుంది.

“వచ్చేశానమ్మా,” అంది. “నేనెవరి బిడ్డనో అందరికీ చెప్పే వచ్చాను.”