లెక్కలోకి రాని ప్రయాణికురాలు

తన పాప ఏడుస్తుండాలి, మధ్యలో తాళం వేసిన తలుపు ఉండాలి, తను ఇటువైపే ఉండిపోవాలి. పిచ్చుకకు ఈ లోకంలో అన్నిటికన్నా భయం అది. ఎదురుగా తుపాకీ గురిపెడితే ఆమె గుండె మామూలుగానే కొట్టుకునేది. రెండుసార్లు నడుస్తున్న రైలు మీంచి దూకింది కూడా. కానీ పాప పుట్టాక స్నానానికి వెళ్ళినా తలుపు గడియ పెట్టుకోవడం మానేసింది.

పిచ్చుక అన్నది రహస్య విభాగంలో ఆమె కోడ్. పాపకు పదకొండు నెలలు. ఇన్నాళ్ళూ ఆమె చేత ఆఫీసులో ఫైళ్ళు సర్దించిన పెద్దాయన, ఆ రోజు ఉదయం ఆరున్నరకే తన గదిలోకి పిలిపించాడు.

"కూర్చోమ్మా. టైము లేదు. మైక్రోఫిల్మ్ ఒకటి పోయింది."

"ఏముంది సార్ అందులో?"

"మన తీరం పొడవునా నీళ్ళ అడుగున పెట్టిన నిఘా యంత్రాల మ్యాపు. సాయంత్రం అయిదింటికి బయలుదేరే విహార నౌకలో దేశం దాటబోతోంది. ఓడ లైట్‌హౌస్ దాటిందంటే ఇక మనం చేయగలిగింది ఏమీ లేదు."

"ఎవరు తీసుకెళ్తున్నారు?"

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను. ఓడెక్కే ముందు నలభై రెండు మంది టూరిస్టులు ఒకే బస్సులో రాజుల కట్టడాలన్నీ చూస్తారు. వాళ్ళలో ఒకరు. ఒంటరిగా వచ్చినవాళ్ళందర్నీ రేవులో నిలువునా సోదా చేయమని చెప్పాం. టూర్ గైడ్ మన మనిషే, కోడ్ నెమలి. దొంగని చూపించేది ఆవిడ, పట్టుకునేది నువ్వు. నీ వేషం, చంటిపిల్లతో విహారానికొచ్చిన తల్లి."

"పిల్ల ఎక్కడిది సార్?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "స్టోర్స్‌లో విగ్గులున్నాయి, గడ్డాలున్నాయి, ఒక చెక్క కాలు కూడా ఉంది. చంటిపిల్ల మాత్రం లేదు."

"మా చిట్టిని అత్తయ్య దగ్గర వదిలొచ్చానండీ."

"మీ అత్తగారింటికి జీపు పంపాను. ఈపాటికి వస్తూ ఉంటారు. ఆలోచన నెమలిదే. ఒళ్ళో పిల్ల ఉన్న తల్లిని ఎవరూ అనుమానించరంది."

కాదనడానికి పిచ్చుకకు నోరు రాలేదు. పదకొండు నెలల తర్వాత దొరికిన మొదటి మిషన్ అది. చిన్న తుపాకీ, తాళాలు తెరిచే హెయిర్‌పిన్ను, అగ్గిపెట్టెంత ట్రాన్స్‌మిటర్ ఇచ్చారు. మూడింటినీ పాప సంచిలో లంగోటీల కింద దాచింది. అంతకన్నా భద్రమైన చోటు ఆమెకు తోచలేదు.

బస్సు కిటికీలు తెరుచుకునేవి కావు. గైడ్ పొడుగు మనిషి. నల్ల కళ్ళద్దాలు, మెడలో మూడు పేటల ముత్యాల దండ, చేతిలో మూసిన గొడుగు. ఆ గొడుగు కొనతో ఒక్కొక్కరినీ చూపిస్తూ లెక్కపెట్టింది. పిచ్చుక దగ్గరికి వచ్చి ఆగి, నవ్వింది.

"నలభై రెండు. ఒళ్ళో పిల్లలు లెక్కలోకి రారు."

తర్వాత గొంతు తగ్గించింది. "రాణిగారికి ఎండ పడేది కాదట."

"అందుకే కిటికీలన్నీ ఉత్తరానికి పెట్టించారు," అంది పిచ్చుక.

కోడ్ సరిపోయింది. నెమలి ఒక బోర్డింగ్ కార్డు ఆమె చేతిలో పెట్టింది. దాని మీద ఫొటో లేదు. 'చంటిపిల్లతో' అని నీలం ముద్ర మాత్రం ఉంది.

కోట సింహద్వారం, దర్బారు హాలు, రాజుల సమాధులు. ఎక్కడ చూసినా ఇత్తడి కర్రలు, వాటి మధ్య ఎర్ర తాళ్ళు. ఒక తలుపులోంచి వెళ్ళాలి, ఇంకో తలుపులోంచి రావాలి. వెనక్కి తిరగడానికి లేదు, వెనక నుంచి జనం తోస్తూనే ఉంటారు. పిచ్చుక పాపని భుజాన వేసుకుని అందరి మొహాలూ చదువుతూ నడిచింది. ఒంటరి మనుషులు అయిదుగురున్నారు. అయిదుగురూ దొంగల్లాగే కనిపించారు.

"ఈ రాజుకి నలుగురు భార్యలట," అన్నాడు ముందు నడుస్తున్న ఒక రిటైరైన మాస్టారు.

"అందుకే నలభై గదులు," అంది ఆయన భార్య. "మీకు నేనొక్కదాన్నే కాబట్టి వంటిల్లుతో సరిపెట్టారు."

మూడింటికి బస్సు చివరి కట్టడం దగ్గర ఆగింది. సముద్రపు ఒడ్డున రాణి బురుజు. ఓడలంటే ఇష్టపడ్డ రాణిని రాజు ఈ బురుజు పైగదిలో పెట్టాడని, ఓడల్ని చూడొచ్చుగానీ ఎక్కకూడదని చెప్పాడని నెమలి వివరించింది. ఆమె ఏడుపు బయటికి వినపడకుండా గోడలు రెండు బారల మందం కట్టించాడట. "పైన ఏదీ తాకకండి. తాకితే కింద గంట మోగుతుంది, కాపలాదారు మంచి మనిషి కాదు."

జనం ఎక్కి దిగారు. చివర్లో నెమలి పిచ్చుక పక్కకు వచ్చింది.

"పై కిటికీలోంచి రేవు కనిపిస్తుంది. అక్కడ తెల్ల టోపీ మనిషొకడు దొంగ కోసం ఎదురుచూస్తుంటాడు. మొహం గుర్తు పెట్టుకుని రండి. పాపని నాకివ్వండి."

"పాపతోనే వెళ్తాను."

గొడుగు కొన గోడ మీది బోర్డు వైపు తిరిగింది. పిల్లల్ని ఎత్తుకుని మెట్లు ఎక్కరాదు.

"రెండు నిమిషాలేగా. ఆ సంచీ, ఆ నీలం శాలువా కూడా ఇటివ్వండి. మెట్లు ఇరుకు."

పిచ్చుక ఇచ్చేసింది. నెమలి పాపని దూరంగా, తడిసిన గొడుగుని పట్టుకున్నట్టు పట్టుకుంది. మొదటి మలుపు తిరిగేటప్పుడు పిచ్చుక ఒకసారి వెనక్కి చూసింది. పాప రెండు చేతులూ తన వైపు చాపింది.

తొంభై రెండు మెట్లు. పైన ఒక గుండ్రటి గది, పట్టు పరుపు వేసిన మంచం, నిలువుటద్దం, చుట్టూ ఎర్ర తాడు. కిటికీకి ఇనుప కమ్మీలు. బయటికి చూసింది. రేవు కనిపించలేదు. బస్సులు ఆగే మైదానం కనిపించింది.

వెనక తలుపు మూసుకుంది. తాళంచెవి తిరిగిన చప్పుడు.

"ఎవరది? లోపల మనిషుంది."

మెట్లు దిగిపోతున్న అడుగుల చప్పుడు వినపడింది. పిచ్చుక తలుపుని తోసింది, తన్నింది, భుజంతో గుద్దింది. అది చెక్క కాదు, ఇంకో గోడ. హెయిర్‌పిన్ను కోసం చెయ్యి సంచి దగ్గరికి వెళ్ళింది. సంచి లేదు. తుపాకీ లేదు. ట్రాన్స్‌మిటర్ లేదు. బోర్డింగ్ కార్డు కూడా అందులోనే.

కిటికీ దగ్గరికి పరిగెత్తింది. కింద నెమలి పిచ్చుక శాలువా కప్పుకుని బస్సెక్కుతోంది. భుజం మీద చిట్టి. అంత ఎత్తు నుంచి ఏడుపు వినపడలేదు. తెరుచుకున్న నోరు మాత్రం కనిపించింది.

అప్పుడర్థమైంది. ఒంటరి మనుషుల్ని నిలువునా సోదా చేస్తారు. చంటిపిల్ల తల్లిని చేయరు. దొంగ నెమలే. వెనకే మెట్లెక్కి వచ్చి, గైడుకిచ్చే తాళంచెవితో తలుపు వేసిందీ అదే. దానికి కావలసింది తల్లి కాదు, పిల్ల. పదకొండు నెలలు కడుపుకి కట్టుకుని పెంచిన పిల్లని తన చేతులతో తనే అందించింది. ఓడ లైట్‌హౌస్ దాటాక ఆ పిల్లతో దానికి ఇంకేం పని?

బస్సు కదిలింది.

పిచ్చుక కమ్మీలు పట్టుకుని అరిచింది. గోడలు ఆ అరుపుని మింగేశాయి. తలుపు దగ్గరికి వెళ్ళింది, కిటికీ దగ్గరికి వచ్చింది, మళ్ళీ తలుపు. ఆరడుగులు అటు, ఆరడుగులు ఇటు. చేతి గడియారంలో మూడున్నరయింది. పాపకి పాలిచ్చే వేళ. ఒంటికి ఆ సంగతి తెలుసు. రొమ్ములు బరువెక్కి సలపరించాయి, చొక్కా ముందంతా తడిసిపోయింది. రెండు చేతులూ గుండెల మీద అదుముకుని నేల మీద కూలబడింది. ఎక్కడ ఉందో, ఎలా ఏడుస్తోందో, ఎవరైనా ఎత్తుకున్నారో లేదో.

కూర్చున్న చోటి నుంచి తన అడుగులు కనిపించాయి. దుమ్ము మీద తలుపు నుంచి కిటికీకి, కిటికీ నుంచి తలుపుకి. ప్రతిసారీ ఎర్ర తాడుకి ఇవతలే. అంత కంగారులోనూ తాడు చుట్టూ తిరిగి వెళ్ళింది గానీ దాటలేదు. తాకవద్దంటే తాకలేదు, పిల్లనివ్వమంటే ఇచ్చింది. చెప్పిన మాట వినడం అలవాటైపోయిన మనిషి.

పిచ్చుక లేచి తాడు దాటింది. నాలుగువందల ఏళ్ళుగా ఎవరూ పడుకోని రాణిగారి మంచం ఎక్కి, చెప్పులతో సహా గెంతడం మొదలుపెట్టింది.

ఎక్కడో కింద గంట గణగణమంది.

మూడు నిమిషాల్లో తాళం తిరిగింది. కాపలాదారు ముసలాయన. ఆయాసంతో మాట రావడం లేదు.

"దిగు. దిగమంటున్నానా. ముప్పై ఏళ్ళ నా సర్వీసులో ఆ దుప్పటి ముడత పడలేదు."

"బాబాయ్, నా పాపని ఎత్తుకెళ్ళిపోయింది ఆ గైడు. ఓడెక్కిస్తోంది."

"అలాగే. నిన్నొకాయన తను రాజుగారి మునిమనవణ్ణన్నాడు. నడువు ఆఫీసుకి."

"నేను రహస్య విభాగం మనిషిని."

"కార్డుందా?"

లేదు. చూపించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ముసలాయన చూపు ఆమె చొక్కా మీద పడి, చటుక్కున పక్కకి తప్పుకుంది.

"పాపకి ఎన్నో నెల?" అన్నాడు.

"పదకొండు."

"మా మనవడికి తొమ్మిది." తాళాలగుత్తి మొలలో దోపుకున్నాడు. "స్కూటరు ఎక్కువ వేగం పోదు. గట్టిగా పట్టుకో."

"ఫోనుందా బాబాయ్?"

"ఉంది. పలకదు."

స్కూటరు నిజంగానే వేగం పోలేదు. ముసలాయన సందులన్నీ ఎరిగినవాడు. చేపల గిడ్డంగుల వెనక నుంచి, ఆరేసిన వలల మధ్య నుంచి పోనిచ్చాడు. దారి పొడవునా "అయిపోయింది, వచ్చేశాం" అంటూనే ఉన్నాడు. రేవు చేరేసరికి అయిదుకి ఆరు నిమిషాలు.

ఓడ అప్పటికే ఒకసారి కూత వేసింది. ఒంటరి ప్రయాణికుల గేటు దగ్గర సోదా జోరుగా సాగుతోంది. తెల్ల టోపీ మాట నెమలి ఇక్కడా చెప్పి ఉంచినట్టుంది. ఆ టోపీ పెట్టుకున్న పాపానికి, భార్యతో వచ్చిన మాస్టారిని కూడా పట్టుకెళ్ళి సాక్సులు విప్పిస్తున్నారు. పిల్లల తల్లుల గేటు ఖాళీ. దాని అవతల ఓడ మెట్లు, మెట్ల సగంలో నీలం శాలువా.

"కార్డు," అంది గేటు దగ్గరి అధికారిణి, చెయ్యి అడ్డం పెట్టి.

"ఆ శాలువా మనిషి దగ్గరుంది. ఆ పాప నాది."

"ఆవిడా అలాగే అంది. పాప నిద్రపోతోంది, అలజడి చేయకండి."

పిచ్చుక చెవులు రిక్కించింది. ఏడుపు లేదు. కొత్త మనిషి చేతిలో, పాలవేళ దాటి గంటన్నర అయ్యాక, చిట్టి నిద్రపోవడమా. ఒక్క క్షణం గాలికి శాలువా తొలిగింది. పాప మొహం కనిపించింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు తెరిచే ఉంది. చప్పుడు లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. పిడికిట్లో తెగిన దారం.

ముత్యాలు మెట్ల మీంచి టపటపా రాలాయి.

పిచ్చుక అధికారిణి చేతి కింద నుంచి దూరింది. నెమలి కిందికి చూసింది, దండ చూసుకుంది. వెంటనే పాపని మెట్టు మీద కుదేసి, మోకాళ్ళ మీద వాలి రెండు చేతులతో ముత్యాలు ఏరుకోసాగింది. గేటు దగ్గరి అధికారిణి అది చూసింది. పిల్ల కోసం పరిగెత్తేది ఎవరో, పూసల కోసం పాకేది ఎవరో చూశాక ఆమెకు ఇంకే కార్డూ అక్కర్లేకపోయింది. విజిల్ వేసింది.

పిచ్చుక పాపని అందుకుని ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి వాల్చింది. వీపు మీద అరచేత్తో కొట్టింది. ఒకటి. రెండు. "తల్లీ." మూడు. ఓడ రెండో కూత వేసింది. మెట్లు పైకి లాగే గొలుసులు కదిలాయి. నాలుగు. "నా తల్లీ, కక్కు." అయిదు.

శనగగింజంత ముత్యం ఒకటి ఆమె పాదం మీద పడింది.

ఆ తర్వాత చిట్టి ఏడ్చిన ఏడుపు ఓడ కూతని మించిపోయింది. పిచ్చుక అక్కడే, అందరి మధ్య, మెట్టు మీద కూర్చుని దాన్ని గుండెకి అదుముకుంది. ముత్యాన్ని చూసిన నెమలి చెయ్యి చాపింది. ఆ చేతికి అధికారిణి బేడీ వేసింది. ఓడ నలభై రెండులో ఒకరు తక్కువగా కదిలింది.

పావుగంటకి పెద్దాయన జీపులో దిగాడు. ముత్యాన్ని అక్కడికక్కడే పగలగొట్టారు. మిగతావన్నీ వట్టి పూసలే. ఫిల్మ్ ఆ ఒక్కదాంట్లోనే, చుట్టచుట్టుకుని ఉంది.

"తడిసింది గానీ పాడవలేదు," అన్నాడు పెద్దాయన, తృప్తిగా. "పాప ఎలా ఉంది?"

"ఫిల్మ్ తర్వాతైనా అడిగారు సార్."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ముసలి కాపలాదారు పక్కనే ఉన్నాడు. "ఈ అమ్మాయి పాడుచేసిన దుప్పటి సంగతి ఎవరితో మాట్లాడాలండీ?" అని అడిగాడు.

విచారణలో నెమలి ఏదీ దాచలేదు. ఆరు భాషలు వచ్చు, నాలుగు పాస్‌పోర్టులున్నాయి, పదిహేనేళ్ళ శిక్షణ. "బస్సులో ఒకటే ఏడుపు. ఆడుకుంటుందని దండ ఇచ్చాను. నోట్లో పెట్టుకుంటుందని నాకెవరు చెప్పారు?" అంది. రాసుకుంటున్న ఉద్యోగికి ఇద్దరు పిల్లలు. అతను కలం ఆపి ఆమె వైపు చాలాసేపు చూశాడట.

కథ ఇంతే. మీ ఇంట్లో పాకే బిడ్డ ఉంటే, దయచేసి పుస్తకం అలాగే బోర్లా పెట్టి, ఒకసారి పక్కగదిలోకి వెళ్ళి చూసి రండి. ఇంతసేపు చదవనిచ్చిందంటే నాకెందుకో అనుమానంగా ఉంది.