ఎవరూ ముట్టుకోని కంప్యూటర్

విగ్గులు కుట్టే ఆవిడ డిటెక్టివ్ ఆఫీసు గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. మెట్లవైపు ఒకసారి, పక్కనున్న మూసిన తలుపువైపు ఒకసారి చూసి, "ఇక్కడ మాట్లాడితే పక్క గదిలోకి వినపడదు కదా?" అని అడిగింది.

"పక్కన పళ్ల డాక్టరు. అక్కడికొచ్చినవాళ్లకి వాళ్ల బాధే చాలు. లోపలికి రామ్మా," అంది నిదానమ్మ.

నిదానమ్మ అన్నది ఆ డిటెక్టివ్‌కి వీధివాళ్లు వేళాకోళానికి పెట్టిన పేరు. ఏ కేసు తెచ్చినా ముందు కుర్చీలో వెనక్కి వాలి ఊరుకుంటుందని అలా పిలవడం మొదలుపెట్టారు. ఆమె మాత్రం ఏమీ అనుకోకుండా ఆ పేరునే బోర్డు మీద రాయించుకుంది. ఆమె దగ్గర పనిచేసే అతను కంప్యూటర్ చదువు చదివినవాడు. అతన్ని ఆమె "ఇంజనీరూ" అని పిలుస్తుంది. ఆ పిలుపులో మెచ్చుకోలు ఎంతో, ఎగతాళి ఎంతో ఇన్నాళ్లయినా అతనికి అంతుపట్టలేదు. అయినా ఆమె మాటంటే అతనికి గురి.

వచ్చినావిడ కూర్చుని, సంచిలోంచి ఒక ఫోటో తీసి బోర్లించి బల్ల మీద పెట్టింది. దాని మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

"టీవీలో సాయంత్రం వార్తలు చదివే ఆవిడ తెలుసుగా. జబ్బు చేసి జుట్టంతా పోయింది. ఆవిడ విగ్గు నేనే కుడతాను. ఆ సంగతి ఆవిడ ఆఫీసులో కూడా ఎవరికీ తెలీదు. విగ్గు కుట్టేముందు తల ఆకారం కోసం ఫోటో తీసుకుంటాను. ఆ ఫోటోని ఎవరో కాగితం మీద అచ్చు వేసి, కవర్లో పెట్టి ఆవిడకి పంపారు. వెనక ఏం రాశారో చూడండి."

'గుట్టు దాచలేని చోట విగ్గెందుకు? వేరే చోటు చూసుకోండి.'

"కచేరీలు చేసే గాయని ఒకావిడ ఉంది. ఆవిడకీ ఇలాగే వచ్చింది. వార్తలావిడ రేపు మా ఇంటికొస్తానంది. ఎవరు చేశారో రేపటికి తేల్చకపోతే, నా దగ్గరికొచ్చే ఆడవాళ్లందరికీ తనే చెప్తానంది. డాక్టరు ముందు కూడా తియ్యని ముసుగు నా ముందు తీస్తారండీ వాళ్లు. ఆ నమ్మకం పోతే ఇంక నా గుమ్మం ఎవరూ తొక్కరు."

"ఫోటోలు ఎక్కడ దాస్తారు?" ఇంజనీరు అడిగాడు.

"ఇంట్లో కంప్యూటర్లో. వదిలేసి వెళ్లి మళ్లీ ముట్టుకుంటే పాస్‌వర్డ్ అడుగుతుంది. అది నాకూ మా మరిదికీ తప్ప ఎవరికీ తెలీదు. మొదటి కవరు రాగానే మార్చేశాను, మరిదికి కూడా చెప్పలేదు. ఇంటర్నెట్ వైరు పీకేశాను. ఆ తర్వాతే గాయని వచ్చింది, అప్పుడే ఆవిడ ఫోటో తీశాను. అదీ బయటికి పోయింది."

ఇంజనీరు నొసలు ముడిపడింది. ఇంటర్నెట్ లేదు, పాస్‌వర్డ్ కొత్తది. అంటే దొంగ బయట లేడు, ఇంట్లోనే ఉన్నాడు.

"ఎవరిమీద అనుమానం?" అంది నిదానమ్మ.

ఆవిడ సంచి పట్టీ మెలితిప్పింది. "నా దగ్గర వెంట్రుకలు ముడివేసే పిల్ల ఉంది. సొంత చెల్లెల్లా చూసుకున్నాను. నాకు తెలీకుండా గదులు అద్దెకి వెతుకుతోందట. సొంతంగా దుకాణం పెట్టుకోవాలంటే నా దగ్గరికొచ్చేవాళ్లు నన్ను వదిలిపోవాలిగా."

నిదానమ్మ ఫోటో తిప్పి చూసి ఇంజనీరుకిచ్చింది. జుట్టులేని తల, దించుకున్న కళ్లు. నుదుటి మీద పసుపుపచ్చగా ఏదో పలచటి మచ్చ, దాని పక్కన గొలుసులాంటి నీడ. ఫోటో అడుగున ఏటవాలుగా నల్లటి పట్టీ.

"రెండు ఫోటోలు కలిపారు మేడమ్. ఎడిటింగ్."

"అంత పనితనం ఉన్నవాడు మచ్చ ఎందుకు వదిలేశాడు ఇంజనీరూ?"

అతను ఫోటోని వెలుతురువైపు తిప్పి మళ్లీ చూశాడు.

*

విగ్గులావిడ పని గది ఆమె ఇంటి ముందు భాగంలోనే ఉంది. అలమరలో వరసగా చెక్క తలకాయలు, కొన్నింటికి జుట్టు, కొన్ని బోడిగా. కొలతలు తీసే కుర్చీ తెర వెనక. కిటికీ దగ్గర ముడివేసే పిల్ల బల్ల. విగ్గులావిడ బల్ల గోడవైపు తిరిగి ఉంది. తలుపు పక్కన కంప్యూటర్, దానికెదురుగా నేలమీద ఒక పొట్టి ముక్కాలిపీట.

ఇంజనీరు కంప్యూటర్ ముందు కూర్చుని దాన్ని జల్లెడ పట్టాడు. వైరస్ లేదు. దూరాన్నుంచి చూసే ప్రోగ్రామేదీ లేదు. ఫోటోలు ఎవరూ కాపీ చేసుకున్న జాడ లేదు. ఒక్కో మనిషి ఫోటోలు ఒక్కో ఫోల్డర్లో, పైన పేరు, ఫోన్ నంబరు.

ఈలోగా నిదానమ్మ ఒక్కొక్కరినే పలకరించింది.

ముడివేసే పిల్ల సూది ఆపకుండానే జవాబిచ్చింది. "దాన్ని ఆన్ చెయ్యడం కూడా నాకు రాదండీ. పొద్దున్నించీ ఈ విగ్గు జాలీ కన్నాల్లోకే చూస్తూ ఉంటే నా కళ్లు నావే కావు."

"గది వెతుకుతున్నావట?"

సూది ఆగింది. "మా అమ్మ మోకాళ్లు పనిచెయ్యట్లేదు. మెట్లు లేని ఇల్లు కావాలి. అక్క నన్నడగలేదు. అడిగితే చెప్పేదాన్నిగా."

విగ్గులావిడ మొహం అటు తిప్పుకుంది. చెప్పింది నిజమో, అప్పటికప్పుడు అల్లిందో ఇంజనీరుకి తేలలేదు.

మరిది మీద ఇంజనీరుకి అంతకంటే ఎక్కువ అనుమానంగా ఉంది. "ఫోన్లోంచి ఫోటోలన్నీ కంప్యూటర్లో ఎక్కించింది మీరే కదా?"

"వదిన కొత్త ఫోన్ కొంది. పాతదాన్లోవి ఎక్కించమంది, ఎక్కించాను. తర్వాత్తర్వాత తనే ఎక్కించుకుంటోంది. చేసిన పుణ్యానికి నన్నే దొంగని చేస్తున్నారు," అని అతను చిరచిరలాడాడు.

విగ్గులావిడ అత్తగారు మాత్రం అడక్కుండానే చెప్పింది. "నేనూ వచ్చి కూచుంటానమ్మా అప్పుడప్పుడు. మా పాప, అదే నా మనవరాలి ఫోటోలు దానంతటదే చూపిస్తుంది ఆ పెట్టె. మధ్యమధ్యలో ఎవరో గుండువాళ్లు కూడా వస్తారు."

"అవి అలమరలో బొమ్మలు అత్తయ్యా. ఆవిడకి చూపు ఆనదండీ," అంది కోడలు. అందరూ నవ్వారు. నిదానమ్మ నవ్వలేదు.

అప్పుడే ఒక ముసలాయన మూట భుజాన వేసుకుని వచ్చి, చనువుగా ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. జుట్టు వ్యాపారి. అందరూ బాబాయ్ అంటారు. విగ్గులావిడ అతని మూట విప్పి, ఒక్కో కట్టలోంచి రెండేసి వెంట్రుకలు లాగి వంటింట్లోకి పట్టుకెళ్లింది. కాసేపటికి కమురు వాసన వచ్చింది.

"కాల్చి చూస్తోంది," అన్నాడతను నొచ్చుకున్నట్టు. "అసలు జుట్టయితే బూడిదవుతుంది, నైలాన్ అయితే ముద్దకడుతుంది. ఇన్నేళ్లుగా ఇస్తున్నా నమ్మకం లేదు. ప్రతిసారీ నన్నిలా కూచోబెట్టి, అన్ని కట్టలూ కాల్చేదాకా రాదు."

"కంప్యూటర్ సంగతి విన్నారా?" అంది నిదానమ్మ.

"నాకెందుకమ్మా ఆ గొడవ? దాని దాపులకి పోను. నాకొచ్చిందల్లా ఇదే," అని ఫోన్ తీసి చూపించాడు. నల్లవి, ఎర్రవి, పొడవువి, పొట్టివి, జుట్టు కట్టల ఫోటోలు. "ఇప్పుడు ఫోటో పంపితేగానీ ఎవరూ కొనట్లేదు."

అతను వెళ్లాక నిదానమ్మ విగ్గులావిడని ఒక్కటే అడిగింది. "మీ దగ్గర ఇంతమంది ఫోటోలున్నాయి. వాళ్లలో ముఖం చూడగానే ఊరందరూ గుర్తుపట్టేవాళ్లు ఎందరు?"

"ఆ ఇద్దరే."

నిదానమ్మ తలూపి, ఇంజనీరుని పక్కకి పిలిచింది. ఆడవాళ్ల ఫోటోలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి మార్చి విగ్గులావిడ చేతికిమ్మంది. వాటి చోట చెక్క తలకాయ ఫోటో ఒకటి పెట్టమంది. ఎందుకని అతను అడిగితే, "రేపు ఆ కంప్యూటర్ ఆన్ చేసి వదిలెయ్. దుమ్ము తుడవడానికి కూడా ముట్టుకోకు," అని ఊరుకుంది.

*

మర్నాడు అందరూ పని గదిలో చేరారు. వార్తలావిడ ముసుగు బిగించుకుని తలుపు దగ్గరే కూర్చుంది. ఎవరివైపు చూసినా ఆవిడ కళ్లు, నువ్వేనా, అని అడుగుతున్నట్టే ఉన్నాయి. బాకీ తీరుస్తామంటే వచ్చిన బాబాయ్, తన పీట మీద తను కూర్చున్నాడు.

నిదానమ్మ తీరిగ్గా మొదలుపెట్టింది. చాలాసేపు జుట్టు గురించి, విగ్గుల గురించి ఏవేవో అడిగింది. వార్తలావిడకి ఓపిక నశించింది. "మేడమ్, కంప్యూటర్లోకి దూరిందెవరో చెప్తారా?"

"ఎవరూ దూరలేదమ్మా. దూరినవాడికి పేర్లు, నంబర్లు అన్నీ దొరికేవి. వాడికి ఎవరైనా ఒకటే, అందరినీ బెదిరించేవాడు. ఇక్కడ ఊరందరికీ తెలిసిన ఇద్దరికే కవర్లు వెళ్లాయి. అంటే వాడికి పేర్లు దొరకలేదు, ముఖాలే దొరికాయి. ఆ ముఖాల్లో తను గుర్తుపట్టిన ఇద్దరికి పంపాడు."

"ముఖాలు ఎలా దొరుకుతాయి? పాస్‌వర్డ్ ఉందిగా," అన్నాడు మరిది.

"ముట్టుకుంటే అడుగుతుంది. ముట్టుకోకపోతే?"

ఆమె మాట పూర్తవుతుండగానే కంప్యూటర్ తెర ఒక్కసారి నల్లబడి మళ్లీ వెలిగింది. పసుపు గౌను వేసుకున్న పిల్ల ఊయల మీద ఊగుతోంది. ఆ బొమ్మ మెల్లగా కరిగి, అందులోంచే చెక్క తలకాయ తేలింది. ఒక్క క్షణం రెండూ ఒకదానిమీద ఒకటి కనిపించాయి. బోడి నుదుటి మీద పసుపు మచ్చ, పక్కన ఊయల గొలుసు.

ఇంజనీరు నుదురు కొట్టుకున్నాడు. నిన్న పొద్దుగూకేదాకా ఆ కంప్యూటర్ పొట్టంతా వెతికాడు. వెతుకుతూ దాన్ని ముట్టుకుంటూనే ఉన్నాడు.

"అదిగో, చెప్తే నవ్వారు," అంది అత్తగారు.

"మీరే సరిగ్గా చూశారు పెద్దమ్మా," అంది నిదానమ్మ. "ఖాళీగా ఉంటే పాప ఫోటోలు చూపించమని ఎవరో ఎప్పుడో దీనికి చెప్పారు."

"నేనే," అంది విగ్గులావిడ. "పాప ఫోటోలు వస్తుంటే చూశాను కూడా. అవే వస్తాయనుకున్నాను. ఇటు వీపు పెట్టి పనిచేసుకుంటాను."

"తర్వాత మిగతావి కూడా అదే చోట పడ్డాయి. దానికి పాపెవరో, ఇంకొకరెవరో తేడా తెలీదు. తాళం వేసిన గదికి అద్దం తలుపు పెట్టుకున్నారమ్మా. ఇక మిగిలింది, అద్దం ముందు కూర్చున్నదెవరు? పెద్దమ్మకి చూపు ఆనదు. మరిదిగారికీ మీకూ పేర్లు, నంబర్లూ తెలుసు. ఈ పిల్ల బల్ల దగ్గర్నుంచి తీస్తే తెర పక్కనుంచి పడుతుంది. ఫోటో అడుగున ఏటవాలుగా నల్ల పట్టీ ఉంది, అది తెర కింది అంచు. నేలకి దగ్గరగా కూర్చుని పైకి చూస్తూ తీస్తేనే అలా పడుతుంది. ఈ గదిలో అంత కిందుగా, ఎవరూ పట్టించుకోకుండా, చాలాసేపు కూర్చునేది ఒక్కరే."

తలలన్నీ పీటవైపు తిరిగాయి.

"ఇందాక తెర వెలగగానే అందరూ అటు చూశారు. మీరు మూట ముడి సర్దుకుంటున్నారు బాబాయ్. చూసి చూసి విసుగొచ్చిందేమో."

"కూచోబెట్టింది తను. కళ్లు మూసుకుని కూచోమంటారా?" అన్నాడు ముసలాయన.

వార్తలావిడ లేచి చెయ్యి చాపింది. "ఫోన్ ఇవ్వండి."

రోజూ ఊరంతా వినే గొంతు అది, ఎత్తలేదు, తగ్గించలేదు. తలుపుకి అడ్డంగా మరిది నిలబడ్డాడు. ముసలాయన ఫోన్ ఇచ్చాడు. ఎర్ర జుట్టు కట్టకీ నల్ల జుట్టు కట్టకీ మధ్య ఆవిడ తల దొరికింది.

"కల్తీ అన్నావు," అన్నాడతను విగ్గులావిడతో. "మనుషులందరి ముందూ నా మూట వెనక్కి తోశావు. పెద్ద విగ్గుల దుకాణంవాళ్లు నా సరుకంతా తీసుకుంటామన్నారు, వాళ్ల దగ్గరికి మనుషులు ఎక్కువొస్తే. నీ దగ్గర్నుంచి కదిలిస్తే వస్తారనుకున్నా."

"కల్తీయేగా బాబాయ్," అంది ముడివేసే పిల్ల.

*

ముసలాయన్ని, అతని ఫోన్నీ పోలీసులకి అప్పగించారు. వార్తలావిడ ఫిర్యాదు మీద తన సంతకం తనే పెట్టింది. వెళ్తూ గుమ్మంలో ఆగింది. "దొంగ దొరికాడు, సరే. తెర తెరిచిపెట్టింది మాత్రం ఆయన కాదు."

"నేనే," అంది విగ్గులావిడ.

"ఆ మాట మీ నోటితో వినాలనే ఆగాను," అని వార్తలావిడ మెట్లు దిగింది. మళ్లీ వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

ఇంజనీరు ఆ స్క్రీన్‌సేవర్ తీసేశాడు. వదిలేస్తే తెర నల్లగా అయిపోయేలా పెట్టాడు. పెన్‌డ్రైవ్‌కి విడిగా తాళం వేశాడు. పాత ఫోన్లోనూ కాపీలున్నాయేమో వెతికించాడు. ఉన్నాయి. అవీ తుడిచేశాడు.

"మిగతావాళ్లకి ఏమీ తెలీదుగా వదినా. వాళ్ల జోలికి ఎవరూ పోలేదు. చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదు," అన్నాడు మరిది.

విగ్గులావిడ నిదానమ్మ వైపు చూసింది. నిదానమ్మ చెప్పులు వేసుకుంటోంది. "నాకు అప్పజెప్పిన పని అయిపోయిందమ్మా. ఇది మీ పని," అంది.

విగ్గులావిడ ఫోన్ తీసి, తన దగ్గర విగ్గు కుట్టించుకున్న, బడిలో పాఠాలు చెప్పే ఒకావిడకి చేసింది. ఏం జరిగిందో దాచకుండా చెప్పింది. మీ ఫోటో కూడా తెరమీదికి వచ్చే ఉంటుంది, మా వాళ్లు ఎవరు చూశారో నాకు తెలీదు, అని కూడా చెప్పింది. తర్వాత చాలాసేపు వింటూ ఉండిపోయింది.

ఆవిడ ఫోన్ దించేదాకా ఇంజనీరు గుమ్మం దాటలేకపోయాడు. "ఏమన్నారు?"

"తిట్టింది. తర్వాత ఏడ్చింది. ఆఖరికి, ఈసారి కొలతలకి మీరే మా ఇంటికి రండి, ఫోన్ మాత్రం తేవద్దు, అంది."

ముడివేసే పిల్ల తన స్టూలు లాక్కొచ్చి ఆవిడ పక్కన వేసుకుంది. "తర్వాత ఎవరికక్కా?"

విగ్గులావిడకి ఆ పిల్ల మొహంలోకి చూడటానికి కాస్త సమయం పట్టింది. చూసి, రెండో నంబరు నొక్కింది.