శాంతిముద్ర

ముద్రలు వేసి వేసి మధ్యాహ్నానికే కమిషనర్ రత్నప్రభ బొటనవేలు మొద్దుబారింది. నిర్ణయిక అనే యంత్రం ఒక్కో ఇంటినీ తెర మీదికి తెస్తుంది. అరుపులు ఆగి నెల దాటితే ‘శాంతి’ అంటుంది. కమిషనర్ ముద్ర పడగానే ఆ ఇంటి చప్పుళ్ళు వినే గోడచెవి మూసుకుంటుంది. ఇక అక్కడ ఏం జరిగినా వినేవాళ్ళుండరు. విశాఖలో పోలీస్ స్టేషన్లు ఎత్తేశాక ఈ అంతస్తులో మిగిలిన మనిషి ఆమె ఒక్కతే. టీ కూడా గోడే ఇస్తుంది. పంచదార ఎక్కువైందని ఎవరిని తిట్టాలి?

తర్వాతి ఇల్లు వరాలుది. మొగుడు కొడుతున్నాడని తనే గోడచెవి పెట్టించుకున్న మనిషి.

“శాంతి,” అంది నిర్ణయిక. “ముద్ర వేయండి, మేడమ్.”

“మొదటి రోజులవి వినిపించు.”

“ఏటా సూపు? నానేటి నీ బానిసనా? ఉప్పెక్కువైతే నువ్వే వండుకో!”

వరాలు గొంతుకి గది దద్దరిల్లింది. రత్నప్రభకు నవ్వొచ్చింది. ఆ గదిలో నవ్వు వినబడి ఎన్నాళ్ళయిందో!

“ఇప్పటివి.”

నేల ఊడుస్తున్న చప్పుడు. మగవాడి దగ్గు. దగ్గు వినబడగానే చీపురు ఆగిపోయింది.

ఆ ఆగడం రత్నప్రభకు తెలుసు. నాన్న చెప్పుల చప్పుడుకి అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయేది. ఇరుగుపొరుగు మాత్రం బంగారంలాంటి కాపురమనేవారు.

“ఇది శాంతి కాదు, భయం.”

“భయానికి శబ్దం లేదు, మేడమ్. మౌనం అర్ధాంగీకారమని నాకు నేర్పారు.”

నేర్పినవాళ్ళ నోళ్ళు పడిపోను! రత్నప్రభకు ఒళ్ళు మండింది.

“ముద్ర వేయను. నేనే వెళ్తాను.”

“ఈ ఇల్లు శాంతి కాదంటే కొలమానం మారుతుంది. మీరు ముద్ర వేసిన మౌనాలన్నీ మళ్ళీ తెరవాలి.”

ఎన్ని ఇళ్ళు! ఎందరు వరాలులు! ఆమెకు నోట మాట రాలేదు.

“మీ మౌనాన్ని అంగీకారంగా తీసుకుని ఈ గోడచెవి మూసేస్తున్నాను.”

“ఆగు! అన్నీ తెరువు!” అని అరిచి, టోపీ తీసుకుని బయటపడింది.

దారి పొడవునా మూతబడ్డ గోడచెవులు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. వరాలు ఇంటి తలుపు తడితే లోపల చీపురు ఆగింది. మగవాడు దగ్గాడు. అయినా తలుపు తెరుచుకుంది.

కమిలిన చెంపతో వరాలు ఆమెను ఎగాదిగా చూసింది.

“ఇన్నాళ్ళకి తెల్లారిందేటి మీకు?”

ఒక మనిషి నోట తిట్టు తిని ఏళ్ళయింది. రత్నప్రభకు కళ్ళు నిండాయి.

“తిట్టమ్మా,” అంటూ గడప లోపలికి అడుగు పెట్టింది.