పెంకల బట్టికాడ పసుపు మంట

హుజూరాబాద్ తొవ్వల మా ఊరి పెంకల బట్టి ఉంది చూడు, పొద్దుగూకితే అటు ఎవ్వలూ పోరు. పెంకల కంపెనీ మూతపడి ఎన్నో ఏండ్లయింది. ఆడ ఒక ఆడమనిషి తిరుగుతదంటరు. ఎప్పుడు సచ్చింది, ఎట్ల సచ్చింది అంటే ఒక్కొక్కలు ఒక్కొక్క తీరు చెప్తరు. పేరు మాత్రం ఎవ్వలకూ తెల్వదు.

చిన్న కథే. చాయ్ చల్లారేలోపల అయిపోతది.

అయితే ముందుగాల పోశం సంగతి చెప్పాలె. పోశం మా ఊర్ల ధైర్యవంతుడు. పామును పట్టటానికి బావిలకు దిగిండు. అది తాడని తర్వాత తేలింది, అయినా దిగింది నిజమే కదా. గా పోశమే ఒక రాత్రి బండి మీద వచ్చుకుంట చూసిండట...

నెత్తి మీద గొంగడి. ముఖం కనవడదు. మండుతున్న బట్టి నోటి ముందు నిలవడి చెయ్యి గుండ్రంగ తిప్పుతున్నది... ఒకసారి... ఇంకోసారి... అంతే. మంట పసుప్పచ్చగ ఎగిసింది—

పోశం బండి ఆడనే ఇడిచి ఉరికొచ్చిండు. చెప్పు కూడ ఒక్కటే తెచ్చిండు.

మూతపడ్డ కాడ మంటెందుకంటే, రేవతి వల్ల. మా ఊరి సరోజనకు కోడలు. బడిల పంతులమ్మ కొలువు ఇడిచి, పుదుచ్చేరిల ఒక గురువు దగ్గర పింగాణి పని నేర్చుకొచ్చింది. వెయ్యేండ్ల కింద చైనా రాజుల ఇండ్లల్ల ఉన్న అసొంటి గిన్నెలు చేతితోటి చెయ్యాలని ఆమె పట్టు. నానిన పెసల రంగు, వేలు పెడితే జారిపోయేంత నునుపు. పొగకు ఊర్ల ఒప్పుకోలేదని ఆ జాగల కొత్త ఇటుకలతోటి తన బట్టి తానే కట్టుకున్నది. స్టీలు గిన్నెలుండగ ఇదెందుకని మేమందరం సలహా ఇచ్చినం. అడగకున్నా ఇచ్చినం.

మస్కట్ల ఉన్న మొగడు విజయేందర్ ఫోన్ల తేల్చి చెప్పిండు. "దసరాకు వస్త. గప్పటికి ఒక్కటన్న మచ్చలేని గిన్నె చూపియ్యి. లేకుంటే బట్టి బంద్, మల్ల బడికి పో." రేవతి సరేనన్నది.

కాల్చినప్పుడల్ల ఒకటే తిప్పలు. పచ్చ మీద గోధుమ రంగు మచ్చలు, బత్తాయి తొక్క తీరు గరుకు. మట్టి మార్చింది. కట్టె మార్చింది. గిన్నెకు నునుపు రావాలని పైన పూసే పూతల కలిపే బూడిదను పట్టు గుడ్డల జల్లించింది. మచ్చలు మారలే. పగలగొట్టిన గిన్నెలు కుప్పైనయి.

"దయ్యం ముట్టుకుంటున్నది," అన్నడు పోశం.

"నువ్వు ముట్టుకోకుంటే చాలు," అన్నది రేవతి.

దసరా దగ్గరవడ్డది. రాత్రంత మంట పెట్టింది. కట్టెల కోసం బట్టి ఎనుకకు పోయి తిరిగి చూసేసరికి...

గొంగడి. తిరుగుతున్న చెయ్యి. చప్పుడు లేదు—

మంట పసుప్పచ్చగ ఎగిసింది. తెల్లటి పొగ.

భయపడే ఓపిక రేవతికి అప్పటికే అయిపోయింది. పోయి గొంగడి గుంజింది.

లోపల అత్త సరోజన. కొంగుల గల్లుప్పు, ఎండుమిరపకాయలు.

"అత్తమ్మా... ఏం చేస్తున్నవ్?"

"మెల్లగ మాట్లాడు. దిష్టి తీస్తున్న. ఇసొంటి జాగల రాత్రిపూట ఒక్కదానివి కూసుంటవ్."

"ఎప్పటిసంది?"

"నువ్వు మొదటిసారి కాల్చిన్నాటిసంది. చెప్తే కొట్లాడుతవని..."

"ఉప్పు ఆవిరై పూతకు అంటుకుంటదత్తమ్మా! గా మచ్చలు గవే!"

"ఒక్క పిడికిలే ఏద్దామనుకున్న బిడ్డా. ఎన్నేసినా మిరపకాయల ఘాటొస్తలేదు. ఘాటు రాలేదంటే దిష్టి పోలేదన్నట్టే గద. అందుకని ప్రతిసారి జర ఎక్కువేసిన."

రాతిపొడి పూత కూడ కరిగిపోయేంత మంట అది. మిరపకాయ పడంగనే మసి, ఉన్న ఘాటును పొగగొట్టం గుంజుకపోతది. సరోజనకు గది తెల్వదు. ఈ ముచ్చట నాకు చెప్పింది ఆమెనే. చెప్పుకుంట కండ్లు తుడుచుకున్నది కాబట్టి నేను నవ్వలే. ఇంటికొచ్చి నవ్విన.

మిగిలిన మట్టితోటి రేవతి ఆఖరుసారి మూడు గిన్నెలు చేసింది. ఆ రాత్రి సరోజన కోడలి పక్కన చాప మీద కూసున్నది. కొంగు దులిపి చూపిచ్చింది. చేతులు ఒళ్లె పెట్టుకున్నది. తెల్లారేదాంక ఎవ్వలూ రాలే. మంట పసుపు కాలే.

బట్టి చల్లారినంక తెరిచిన్రు.

మూడింటికీ మచ్చలే.

"నేను చెప్పలేదా!" అన్నడు పోశం. ఆయనకు అంత సంబురం తన పెండ్లిల కూడ చూడలే.

రేవతి గురువుకు ఫోన్ కొట్టింది. ఇటుకలు ఉప్పు తాగినయట. వేడెక్కినప్పుడల్ల అదే కక్కుతయట. ఆ బట్టిల ఇగ నున్నటి గిన్నె రాదట.

ఫోన్ పెట్టేసి గడ్డపార తీసుకున్నది. మాపటివరకు బట్టి నేలమట్టం.

దసరాకు విజయేందర్ వచ్చిండు. మచ్చలేని గిన్నె లేదు. మాట ప్రకారం రేవతి బడికి దరఖాస్తు ముందుగాలనే రాసి పెట్టింది. సరోజన దాన్ని చింపి పొయ్యిల పెట్టి, పెట్టె కింద దించకముందే కొడుకును పత్తి చేనుకాడికి తోలుకపోయింది. ఆడ కొత్త బట్టికి కొలతలు గీసి ఉన్నయి.

"కరాబు చేసింది నేను. కట్టేది నువ్వు," అన్నది.

బట్టి నడుమెత్తు లేచింది. విజయేందర్ సెలవు ఎప్పుడో అయిపోయింది, ఇంకా మస్కట్ పోలే.