పలుగురాళ్ల మిల్లులో బెల్లం

డోన్ జంక్షన్ ప్లాట్‌ఫారం మీద ఓబులేసు కుప్పకూలి చచ్చిపోయేసరికి అతని నోట్లో బెల్లం ముక్క ఇంకా కరగలేదు. ఊపిరి కోసం గొంతు రక్కుకున్నాడు. జనం చుట్టూ చేరి చూశారు, రైలు రాగానే ఎక్కి వెళ్లిపోయారు. పలుగురాళ్లను పిండి చేసే మిల్లు కూలీ ఆయాసంతో పోతే ఎవరికీ వింతగా ఉండదు.

"వాడు మన ఇన్ఫార్మర్," అన్నాడు చీఫ్ గాబ్రియేలు. కడప శివార్లలో సేఫ్ హౌస్. ఎదురుగా ఏజెంట్ వీరభద్ర, చేతిలో శవం ఫొటో. "పోయేముందు కొత్త ఇన్‌హేలర్ ఫస్ట్ డోస్ పీల్చాడు."

మిల్లు దుమ్ము పేరుకుని ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు సిలికోసిస్. దాన్ని ఆపే పొడిమందును కడపలో ఒక చిన్న ల్యాబ్ తయారు చేసింది. ట్రయల్‌లో ఇంకొక్క ప్రాణం పోతే ల్యాబ్ మూతపడుతుంది. ఫార్ములా కారుచౌకగా విదేశీ ముఠా చేతికి పోతుంది.

"ఇన్‌హేలర్లలో విషమా?"

"అదే అనుమానం. శుక్రవారం మిల్లులో క్యాంపు. నువ్వు కూలీగా వెళ్తున్నావు. మందు ఇచ్చే డాక్టర్ స్వర్ణలత మన మనిషే."

అగ్గిపెట్టెలో అమర్చిన సెన్సర్ చేతిలో పెట్టాడు. విషం తగిలితే ఎర్రలైటు.

వీరభద్ర రామాంజి అయ్యాడు. మిల్లు కూలీ మద్దిలేటి ఇంటి పంచలో మకాం. మద్దిలేటి భార్య ఈరక్క కూడా ఆ మిల్లులో పనిచేసిందే. పడుకుంటే ఊపిరాడదని ఇప్పుడు కూర్చునే నిద్రపోతోంది. అయినా రామాంజి తిన్నాడో లేదో రోజూ అడిగేది.

"నీకింకా వయసుండాది. ఆ మిల్లు ఇడిసిపెట్టప్పా," అంది ఒకనాడు, మాటకో దగ్గుతో.

"నీకు మందు ఎప్పుడిస్తారక్కా?"

"ముందు నడిచేటోళ్లకంట. వాళ్లకు నయమైతే మాకు."

వీరభద్రకు ఒళ్లు మండింది. ట్రయల్ ఆగిందంటే ఈమె వంతు ఎప్పటికీ రాదు.

శుక్రవారం సాయంత్రం మిల్లు ముందు స్వర్ణలత కారు దిగింది. నల్లకళ్లద్దాలు, దుమ్మంటని పట్టుచీర. కూలీలు దగ్గడం మరిచి చూశారు.

"ఒంటిమిట్ట కల్యాణానికి పోతాండారా మేడం?" అన్నాడు వీరభద్ర.

"వెన్నెల ఉంటే వస్తాను."

కోడ్ సరిపోయింది. సెన్సర్‌తో ఇన్‌హేలర్లన్నీ చూశాడు. అన్నిటికీ పచ్చలైటే. మరి ఓబులేసు ఎలా పోయాడు?

వరుసలో మొదటివాడు మద్దిలేటి. మందు పీల్చాడు. డాక్టరమ్మ ఇచ్చిన పొట్లాన్ని తువ్వాలు చివర ముడేసుకుని మోపెడ్ ఎక్కాడు.

"ఏంది బావా అది?"

"బెల్లం. పని దిగినాక తింటే గొంతులో దుమ్ము దిగుతాది గదా. డాక్టరమ్మే అందరికీ ఇస్తాండాది. మొన్న ఓబులేసుకూ ఇచ్చినాది. నాది ఈరక్కకు పెడతా, శానా దినాలాయ తిని."

బండి మలుపు తిరిగిపోయింది. వీరభద్రకు శవం ఫొటో గుర్తొచ్చింది.

ఓబులేసు నోట్లో బెల్లం. ఫొటోలో చూశాడు, చూసి వదిలేశాడు. వీరభద్ర అమ్మానాన్నలూ ఇలాంటి మిల్లులోనే దగ్గి దగ్గి పోయారు. దుమ్ము పని దిగిన మనిషి నోట్లో బెల్లం లేకపోతేనే అతనికి వింత. తన తెలివి మీద తనకే రోత పుట్టింది.

కుళాయి దగ్గర అందరూ నోళ్లు పుక్కిలిస్తున్నారు. పిడికిళ్లలో బెల్లం. విషమంటే సాటి కూలీ మాట ఎవరు నమ్ముతారు?

"అప్పా, తినొద్దండి. ఆ బెల్లంలో బల్లి పడినాది. నేను చూసినా."

చేతులన్నీ ఒక్కసారిగా విదిలించాయి. బెల్లమంతా బురదలో పడింది.

స్వర్ణలత పర్సులోంచి లిప్‌స్టిక్ తీసింది. వీరభద్ర ఆమె మణికట్టు విరిచాడు. లిప్‌స్టిక్‌లోంచి పేలిన తూటా రేకుల్లోకి దూసుకుపోయింది.

"మాకు ఒక్క చావు చాలు," అంది నొప్పితో పళ్లు కొరుకుతూ. "మద్దిలేటి వెళ్లిపోయాడుగా."

"ఆ బెల్లం వాడు తినడు. పెళ్లానికి పెడతాడు."

"ఎవరైతే ఏం? ఎలాగూ పోయేవాళ్లే."

వీరభద్ర ఆమెను రాతిపిండి రాలే గదిలోకి తోసి మిల్లు స్విచ్ వేశాడు. బయట గడియ పెట్టాడు. లోపల కేకలు కాసేపటికి దగ్గుగా మారాయి. అతనికి జాలి కలగలేదు.

దొరికిన బైకు మీదికి దూకాడు. ఇంటికి చేరేసరికి మద్దిలేటి ముక్క విరిచి ఈరక్క నోటికి అందిస్తున్నాడు. ఆమె నోరు తెరిచింది. వీరభద్ర గుమ్మంలోంచే అగ్గిపెట్టె విసిరాడు. అది మద్దిలేటి చేతికి తగిలింది. కిందపడ్డ బెల్లం పక్కన ఎర్రలైటు వెలిగింది.

"ఇన్నాళ్లకు నా మొగుడు ఒక ముక్క తెచ్చినాడు," అంది ఈరక్క ఆయాసపడుతూ. "నీకేం అన్యాయం జేసినా నాయనా?"

విషయం విని మద్దిలేటి తన చేతులను చూసుకుంటూ ఏడ్చాడు.

వీరభద్ర తిరిగొచ్చి గడియ తీశాడు. స్వర్ణలత తల నుంచి కాలి వరకు తెల్లపిండై, నేల మీద పడి దగ్గుతోంది. అతని ఫోన్ మోగింది. జరిగినదంతా చీఫ్‌కు చెప్పాడు.

"బెల్లం బురదలో కలిసిందిగా. విషం సంగతి ఆమెకు తెలుసనడానికి సాక్ష్యమేంటి?" అడిగాడు గాబ్రియేలు.

అప్పుడే ఒక కూలీ జాలిపడి, ఇంటి నుంచి తెచ్చుకుని రొంటిన దాచుకున్న మంచి బెల్లం ముక్క ఆమె ముందు పెట్టాడు. "తినమ్మా, దుమ్ము దిగుతాది."

ఆమె పళ్లు బిగించి, ఆ ముక్కకు దూరంగా మోచేతుల మీద గోడ దాకా పాక్కుంటూ వెళ్లింది.

"డాక్టరమ్మకు కూడా బల్లి భయం పట్టుకుంది సార్," అన్నాడు వీరభద్ర.