ఎనభై దగ్గర లేచిన చెయ్యి

విమానాశ్రయం లాంజ్‌లో తివాచీల వ్యాపారి తన ఫోన్‌ని చార్జింగ్ నుంచి తీసి, వెనక కవర్ మళ్లీ తొడిగి జేబులో పెట్టుకున్నాడు. పక్కనుంచి వెళ్తున్న పెద్దమనిషి భుజం తగిలించి "సారీ అండీ" అన్నాడు.

"ఫర్వాలేదు" అన్నాడు వ్యాపారి. అతను ఈ లోకంలో అన్న ఆఖరి మాట అదే. కాసేపటికి కుర్చీలోనే ఒరిగిపోయాడు. వచ్చిన డాక్టర్ గుండెపోటన్నాడు. భుజం మీద దోమ కుట్టినంత మచ్చని అప్పటికి ఎవరూ చూడలేదు.

ఆ వ్యాపారి జన్మలో ఒక్క తివాచీ అమ్మిన పాపాన పోలేదు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతన్ని ఏజెంట్ పదకొండు అంటారు.

మర్నాడు ఉదయం, చీఫ్ గది. కిటికీ లేదు, ఫ్యాన్ ఉంది, అది తిరగడం లేదు. బల్ల మీద మూడు ఫోటోలున్నాయి. బల్లకి ఇవతల బాబాయ్ కూర్చున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని బాబాయ్ అనే పిలుస్తారు. అసలు అలా పిలిచే హక్కున్నది ఒక్కతే, అన్నయ్య కూతురు. బాబాయ్‌ని చూసి ముచ్చటపడి ఈ ఉద్యోగంలో చేరింది. మొదటి రోజు అందరి ముందూ నోరు జారి "బాబాయ్" అంది. ఇక ఆ పేరు వదల్లేదు.

"ఏజెంట్ పదకొండు, ఏజెంట్ నాలుగు. ఇద్దరూ మనవాళ్లే" అన్నాడు చీఫ్. "మూడోవాడు బడిపంతులు. లెక్కలు చెప్పుకునే మనిషి. రైల్వే స్టేషన్‌లో పోయాడు. ముగ్గురికీ ఒకటే సూది మచ్చ."

"మనవాళ్లని గుర్తుపడుతున్నారన్నమాట. ఎలా?"

"అదే తెలియడం లేదు. వేషాలు వేరు, ఊళ్లు వేరు, మిషన్లు వేరు. లీకేజి లేదు. పైగా ఆ పంతులు ఏం చేశాడని?"

బాబాయ్ పంతులు ఫోటోని పక్కకి జరిపాడు. "మా అమ్మాయి ఫీల్డ్‌లో ఉంది సార్."

"తెలుసు. సరిహద్దు ఒప్పందం సభలో దుబాసీ వేషం. ఇంకో రెండు రోజులు ఎవరూ ఆమెతో మాట్లాడకూడదు. మాట్లాడితే మనమే పట్టిచ్చినట్టు. అందుకే నిన్ను పిలిచాను. మిగతావాళ్లయితే డ్యూటీ చేస్తారు. నువ్వయితే నిద్రపోవు."

పంతులు ఇంటికి బాబాయ్ ఇన్సూరెన్స్ ఆఫీసర్ వేషంలో వెళ్లాడు. చేతిలో తోలు బ్యాగు, ముక్కు మీద కెమెరా కళ్లజోడు. పంతులు భార్య అతనికి కుర్చీ చూపించి తను గుమ్మం దగ్గరే నిలబడింది. భోజనాల బల్ల మీద మడతపెట్టిన తుండుగుడ్డ, దాని మీద ఒక ట్యాబ్, ఒక పాత లాప్‌టాప్ ఉన్నాయి. స్నానం చేయించి పడుకోబెట్టినట్టు శుభ్రంగా ఉన్నాయి.

"మీవారికి శత్రువులెవరైనా..."

"ఆయనకా? ఆయనకి మనుషులతో పనేముందండీ" అందామె. నవ్వబోయి ఏడ్చింది. "ఫోన్, ట్యాబ్, లాప్‌టాప్, ఈ మూడే ఆయన పిల్లలు. ఎండ తగలనిచ్చేవారు కాదు. కవర్ తీసి గానీ చార్జింగ్ పెట్టేవారు కాదు. ఇరవైకి దిగితే కంగారు, ఎనభై దాటితే కంగారు. నాకు జ్వరమొస్తే థర్మామీటర్ దొరికేది కాదు గానీ, లాప్‌టాప్ వేడెక్కితే దానికి టేబుల్ ఫ్యాన్ పెట్టేవారు."

బాబాయ్ పెన్ను ఆగింది. "ఎనభై దగ్గర తీసేసేవారా?"

"టంచనుగా. స్టేషన్‌లో ఈమధ్యే పెట్టిన ఫ్రీ చార్జింగ్ స్తంభం ఉంది చూశారూ, ఆఖరి మూడు రోజులూ బడి నుంచి వస్తూ అక్కడే పెట్టుకున్నారు. ఎనభై కాగానే పీకేశారు. దానికోసం మొదటి రోజు రెండు రైళ్లు వదిలేశారు."

ఏజెంట్‌గా చేరినవాడికి డిపార్ట్‌మెంట్ నేర్పే మొదటి పాఠం తుపాకీ కాదు, బ్యాటరీ. ఆపదలో చచ్చిన ఫోన్, చచ్చిన ఏజెంట్ ఒకటే అంటారు. తెర వెలుతురు తగ్గించు. వెనకాల నడిచే యాప్‌లు ఆపు. కవర్ తీసి చార్జ్ చెయ్యి. ఇరవై కిందికి పోనివ్వకు, ఎనభై దాటనివ్వకు. ఎనభై దగ్గర దానంతటదే ఆగే సెట్టింగ్ ఫోన్‌లోనే ఉంది. అది పెడితే శత్రువుకి ఆనవాలు దొరుకుతుందని, చేత్తోనే తియ్యమన్నారు. అతి తెలివి అంటే ఇదే. ఫోన్‌లో ఆనవాలు లేకుండా చేసి, చేతికి అంటించారు.

ఎనభై దగ్గర ఫోన్ తీసే చేతుల్ని కనిపెట్టడానికి, మనవాళ్లని వేటాడే విదేశీ ముఠాకి చార్జింగ్ స్తంభాలు చాలు. పాపం పంతులు! పొదుపుగా బతకబోయి గూఢచారి చావు చచ్చాడు. మరుక్షణం బాబాయ్‌కి అన్నయ్య కూతురు గుర్తొచ్చింది. బ్యాటరీ పాఠంలో ఆ అమ్మాయికి నూటికి నూరు వచ్చాయి. నేర్పింది తనే.

ఆ స్తంభాలు పెట్టిన కంపెనీ మేనేజర్ ఒక అందగత్తె. డిపార్ట్‌మెంట్‌లో ఆమె పేరు ముత్యం. ముఠా జీతగత్తె, మనకి వేగు. ఎవరి పక్షం అంటే, తన పక్షం. బాబాయ్ వెళ్లేసరికి నల్లచీరలో, చెవులకి ముత్యాలతో, అద్దాల ఆఫీసులో కూర్చుని ఉంది.

"వర్షం వచ్చేలా ఉందా?" అన్నాడు బాబాయ్. అది కోడ్.

"గొడుగు ఇంట్లో మర్చిపోయాను" అంది ముత్యం. "కూర్చోండి. అయ్యో, మీ ఫోన్ చచ్చేలా ఉంది. ఇటివ్వండి."

ఇవ్వనంటే స్తంభం గుట్టు తెలిసిపోయిందని అనుమానిస్తుంది. ఇచ్చాడు. ఆమె దాన్ని కిటికీ పక్కనున్న స్తంభానికి తగిలించి, కాఫీ తెప్పించి, లోకంలో ఉన్న విషయాలన్నీ మాట్లాడింది, ఒక్క పని విషయం తప్ప. స్తంభం మీద అంకె డెబ్భై దాటింది. ఎనభై అయింది. ఎనభై ఒకటి. బాబాయ్ కాఫీ కప్పుని రెండు చేతులా పట్టుకున్నాడు. తొంభై దాకా ఉగ్గబట్టుకుని, అప్పుడు తీరిగ్గా లేచి ఫోన్ తీసుకున్నాడు.

ముత్యం నవ్వింది. "బాగానే ఆపుకున్నారు. కానీ ఎనభై దగ్గర మీ చెయ్యి లేచింది. నేను చూశాను."

"మరి నన్ను పట్టించవేం?"

"నేను అమ్మేది అంకెలే, మనుషుల్ని కాదనుకున్నాను. ఆ పంతులు పోయాక నాకు నిద్ర లేదు." మొదటిసారి ఆమె మొహంలో రంగు దిగింది. "వినండి. స్తంభం ఏ ఫోన్‌నైనా గుర్తుపెట్టుకుంటుంది. మూడోసారి ఎనభై దగ్గర పీకితే ఎర్రదీపం వెలుగుతుంది. రెండోసారి కాగానే హంతకుడు వచ్చి అక్కడే కాపేస్తాడు. ఎర్రదీపం కింద ఫోన్ తీసిన చెయ్యి ఎవరిదో చూసుకుని వెనకాల వెళ్తాడు. ఒప్పందం సభలో ఒక ఫోన్‌కి రెండుసార్లు అయింది. మూడోది ఇవాళే."

"హంతకుడెవడు?"

"నాకే తెలియదు. ఆ చేతిలో పెన్ను ఉంటుంది, అంతే. ఇక వెళ్లండి. మళ్లీ నా మొహం చూడకండి."

సభాభవనంలోకి బాబాయ్ మైకులు సరిచేసే టెక్నీషియన్ వేషంలో చొరబడ్డాడు. విరామం. వందల మంది ప్రతినిధులు కాఫీ కప్పులతో నిలబడి ఉన్నారు. గోడవార చార్జింగ్ స్తంభం, దానికి వేలాడుతూ పాతికో ముప్ఫయ్యో ఫోన్లు, ఒక్కో ఫోన్ పైన ఒక్కో అంకె. స్తంభానికి నాలుగడుగుల దూరంలో కుర్చీలో దుబాసీ అమ్మాయి. మెడలో బ్యాడ్జి, ఒళ్లో కాగితాలు, చూపు మాత్రం తన ఫోన్ మీద. కవర్ తీసి పెట్టింది. దాని పైన అంకె డెబ్భై ఏడు.

చొక్కా గుండీలోని మైకులో బాబాయ్ గొణిగాడు. "సార్, అమ్మాయి కనిపించింది. హెచ్చరించనా?"

"ఎలా? దగ్గరికెళితే నిన్నూ చూస్తారు. ప్రమాదం కోడ్ చెప్పావో..."

చీఫ్ వాక్యం పూర్తి చెయ్యలేదు. ప్రమాదం కోడ్ వినబడితే ఏజెంట్ మొట్టమొదట చేసే పని ఫోన్ లాక్కుని బయటికి నడవడం. కొరివితో తల గోక్కున్నట్టే. డెబ్భై ఎనిమిది.

బాబాయ్ చుట్టూ చూశాడు. కాఫీ అందించేవాళ్లు, ఫోటోగ్రాఫర్లు, విలేకర్లు, సెక్యూరిటీ. సగం మంది జేబుల్లో పెన్నులున్నాయి. వీళ్లలో ఎవడో ఒకడు తన పిల్లని చంపడానికి తీరిగ్గా ఎదురుచూస్తున్నాడు. అన్నయ్యకి ఏం చెప్పాలి? 'చార్జింగ్ నేనే నేర్పాను అన్నయ్యా' అనా? ఎదురుగా వేదిక మీద మైకు ఖాళీగా ఉంది.

గుంపులో ఒకణ్ణి దాచలేనప్పుడు, గుంపునంతా వాడిలా చెయ్యాలి. బాబాయ్ నాలుగు మెట్లూ రెండంగల్లో ఎక్కేశాడు.

"అయ్యా, అమ్మా! ఒక్క నిమిషం. విరామంలో నిర్వాహకుల తరఫున ఒక చిన్న సలహా. మీ ఫోన్, ట్యాబ్, లాప్‌టాప్ ఆయుష్షు పెరగాలనుందా?"

తలలన్నీ తిరిగాయి. ఆయుష్షు అంటే ఎవరికి చేదు?

"తెర వెలుతురు తగ్గించండి. కారులో ఎండకి వదిలెయ్యకండి. లాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి వేడెక్కించకండి. రాత్రంతా ప్లగ్‌లో ఉంచకండి. ఇరవైకి దిగకముందే పెట్టండి, ఎనభై దగ్గర తీసెయ్యండి. నిండుగా ఉంటే బ్యాటరీకి ఆయాసం. తిండికి మనకెలాగో దానికీ అలాగే!"

నవ్వులు. గుండీలోంచి చీఫ్ గొంతు కీచుమంది. "ఒరేయ్! అది డిపార్ట్‌మెంట్ రహస్యం!"

డెబ్భై తొమ్మిది. కుర్చీలో అమ్మాయి తలెత్తింది. వేషం మారినా గొంతు మారలేదు. చిన్నప్పుడు సైకిల్ నేర్పిన గొంతు. ఆ పాఠాన్ని అది మైకులో అరుస్తోందంటే కొంప మునుగుతోందని ఆమెకి అర్థమైంది. కదలకుండా కూర్చుంది.

"చెప్తే మర్చిపోతారు. ఇప్పుడే చేద్దాం! ఫోన్ పెట్టినవాళ్లంతా లేవండి. స్తంభం దగ్గరికి వెళ్లండి. నేను అనగానే అందరూ ఒక్కసారి పీకెయ్యండి. ఎక్కువుందా, తక్కువుందా అని చూడొద్దు!"

సరదా దొరికితే పెద్దమనుషులు చిన్నపిల్లలే. గుంపు స్తంభాన్ని కమ్మేసింది. అమ్మాయి అందులో కలిసిపోయింది. అంకె ఎనభై.

"పీకండి!"

ముప్ఫై చేతులు ఒక్కసారి లేచాయి. ఎర్రదీపం వెలిగింది. ఏ చెయ్యి కింద? దేవుడికే తెలియాలి. హాలంతా తమ తమ ఫోన్లకేసి చూస్తోంది. ఒక్కడు మాత్రం ఫోన్లకేసి చూడటం లేదు. మనుషుల చేతులకేసి చూస్తున్నాడు. మెడలో కెమెరా ఉన్న ఫోటోగ్రాఫర్. ముప్ఫై చేతుల్లో తనకి కావలసిన చెయ్యి వెతుకుతూ, కవర్ లేని ఫోన్ ఒక్కటే కనబడి, అటు కదిలాడు. పెన్ను మూత తీశాడు.

బాబాయ్ వేదిక మీంచి దూకాడు. పెన్ను మొన అమ్మాయి భుజానికి వేలెడు దూరంలో ఉండగా ఆ మణికట్టు అతని గుప్పిట్లోకి వచ్చింది.

"సార్, పెన్ను ఒకసారి ఇస్తారా? ఎనభై అని రాసుకోవాలి."

ఎముక విరిగిన చప్పుడు చప్పట్లలో కలిసిపోయింది. అమ్మాయి పక్కనుంచి వెళ్తూ తల తిప్పకుండా అంది, "బాబాయ్, చేతులు వణుకుతున్నాయి."

"వయసమ్మా" అన్నాడు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

ముఠా దొరికింది. స్తంభాలన్నీ పీకించారు. ముత్యం ఏ దేశం వెళ్లిందో ఎవరికీ తెలియదు. చీఫ్ కొత్త ఆర్డర్ వేశాడు: ఇకనుంచి ఏజెంట్లందరూ లోకంలో మామూలు మనుషుల్లాగే నూరు దాకా చార్జ్ చేసి బ్యాటరీలు పాడుచేసుకోవాలి. బాబాయ్ సంతకం పెట్టాడు. కానీ మనసు కుదుటపడలేదు. తన పిల్ల బతికింది. పంతులు మాత్రం ఊరికే పోయాడు, డిపార్ట్‌మెంట్ పాఠం డిపార్ట్‌మెంట్ దగ్గర నేర్చుకోకుండానే.

పంతులు ఫోన్‌ని విచారణకని పోలీసులు పట్టుకెళ్లారు. దాన్ని తిరిగివ్వడానికి బాబాయ్ మళ్లీ ఇన్సూరెన్స్ ఆఫీసర్‌గా వెళ్లాడు. వేరే ఎవర్నైనా పంపొచ్చు. పంపలేదు. ఆమె ఫోన్ కవర్ తీసి, తుండుగుడ్డ మీద పెట్టి, ప్లగ్ తగిలించింది.

"ఆయన ఫోటోలు చూసుకుంటాను. నాలుగేళ్లయినా బ్యాటరీ కొత్తదానిలాగే ఉంది. 'ఇది నాకంటే ఎక్కువ కాలం వస్తుందే' అనేవారు. నేను నవ్వేదాన్ని."

ఆమె పంతులు సంగతులు చెబుతూ ఉంది. అతను వింటూ ఉన్నాడు. సంధ్యవేళ అయింది. ఫోన్ తెర వెలిగింది. ఎనభై.

రెండు చేతులు ఒక్కసారే ప్లగ్ దగ్గరికి వెళ్లాయి. ఒకటి ఆమెది. రెండోది బాబాయ్‌ది.

ఆమె తన చెయ్యి వెనక్కి తీసుకుని, అతని చేతికేసి చాలాసేపు చూసింది. తరవాత మొహంలోకి చూసింది.

"చంపినవాళ్లు ఆయన్ని చూసి మీలాంటివారనుకున్నారన్నమాట" అంది మెల్లిగా.

ఇరవై ఏళ్ల సర్వీసులో నాలుగు దేశాల గూఢచారులు కలిసి కనిపెట్టలేని మనిషి, భోజనాల బల్ల దగ్గర దొరికిపోయి, చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్నాడు.